ఒక్క తలుపు, పందొమ్మిది పేర్లు

ఇప్పుడు నేను ఖమ్మంలో ఇంట్ల కూర్చొనే పని చేస్తున్న. పెద్ద కంపెనీ. నా ముందు స్క్రీను మీద నిమిషానికి వేల లైన్లు కిందికి జారిపోతుంటయి. ఎవరో ఎక్కడో బటన్ నొక్కుతరు, మా ప్రాక్సీ అందుకొని లోపల ఖాళీగ ఉన్న ఏదో ఒక కంటైనర్‌కు అప్పజెప్తది, అంతే. ఆ లైన్లల్ల ఒక్క మనిషి కూడా నాకు తెల్వదు. జీతం మంచిదే, చల్లటి గది ఉన్నది, అమ్మీ ఛాయ్ తెచ్చి పక్కన పెడతది. అయినా పొద్దున ఆ లైన్లన్నీ రాసుండే లాగ్ తెరిచిన ప్రతిసారీ బూర్గంపాడు దాటినంక ఉన్న ఆ చిన్న గది యాదికొస్తది. అక్కడ రోజంతా కలిపి రెండు మూడు వందల లైన్లు వచ్చేవి. సగానికి సగం ఎవరివో చూడంగనే చెప్పేదాన్ని.

అది కంటి దవాఖానా. ఏదో ట్రస్టుది, పేరెందుకులే. రోడ్డు పక్కన రేకుల వరండా, ఆరు గదులు, వెనక పెద్ద హాలు. నెలకోసారి క్యాంపు పెట్టి, చుట్టుపక్కల అడవి గూడేల నుంచి ముసలోళ్ళను వ్యానుల తెచ్చి, కంట్లో పొర తీసి, మళ్ళీ దింపి వచ్చేటోళ్ళు. ఇరవై మూడేళ్ళప్పుడు నేను అక్కడ చేరిన. కంప్యూటర్ మేడం అనేటోళ్ళు. ప్రింటర్ల కాగితం ఇరుక్కున్నా నేనే, ఫ్యాను తిరగకపోయినా నేనే. నా గది కళ్ళద్దాలు అరగదీసే గది పక్కనే. రోజంతా గర్రుమని చప్పుడు, తడిసిన అద్దం పొడి వాసన. మొదట్ల తలనొప్పి లేచేది. ఇప్పుడు ఖమ్మం బజార్ల కళ్ళద్దాల షాపు కనపడితే ఆ వాసన కోసం కాసేపు నిలబడత. మా చెల్లె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తది.

ఆ గదిల ఉన్నది ఒకటే సర్వరు, ఎవరో దానమిచ్చిన పాత డబ్బా. దాని మీద నాలుగు పనులు నడవాలె. ఓపీ చీటీలు, కంటి పరీక్షల రికార్డు, కళ్ళద్దాల ఆర్డర్లు, క్యాంపుకు పేర్లు రాసుకునే ఫారం. నాలుగూ నలుగురు వేరే వేరే కాలాలల్ల రాసి పోయిన ప్రోగ్రాములు. ఒకదాన్ని బాగు చేస్తే ఇంకోటి పడిపోయేది. అందుకని నాలుగింటినీ నాలుగు కంటైనర్లల్ల పెట్టిన. దేనికి కావలసిన సామాను దాని లోపలే ఉంటది, ఒకదాని జోలికి ఇంకోటి పోదు. మా అబ్బా రేకు పెట్టెలు చేస్తడు, హాస్టలుకు పోయే పిల్లలు తాళం వేసుకొని తీసుకపోతరే, అవి. సెలవుకు ఇంటికి పోయినప్పుడు సంబరంగ చెప్పిన, నేను కూడా పెట్టెలే చేస్తున్న అబ్బా అని.

"ఏదీ, చూపియ్యి బేటీ" అన్నడు.

కనపడవు అన్న.

"మంచి పని. రేకు ఖర్చు లేదు" అన్నడు, సుత్తి ఆపకుండనే.

పెట్టెలు కుదిరినయి గానీ తలుపులు కుదరలేదు. నాలుగింటికీ అడ్రసు ఒకటే, చివర కొట్టే అంకె వేరు. చీటీలకు ఒకటి, రికార్డుకు ఇంకోటి, గట్ల. ఏ గదిల చూసినా కంప్యూటర్ పక్కన గోడకు నా చేతిరాతతోని నాలుగు అంకెల కాగితం. మా పెద్ద నర్సమ్మను సిస్టరమ్మ అనేటోళ్ళం. దవాఖానా మొత్తం ఆమె కనుసన్నల్లనే నడిచేది. ఆమెకు ఆ అంకెలంటే పడదు. "మందుల పేర్లు గుర్తుపెట్టుకోనీకే నాకు బుర్ర సరిపోతలేదు, నీ అంకెలు కూడనా" అని రోజూ చెవిన ఇల్లు కట్టుకొని పోరేది. ఒకరోజు నేను లేనప్పుడు చీటీల గదిల అంకె తప్పు కొట్టిండ్రు. పేజీ రాలేదు. కంప్యూటర్ ఖరాబయిందని దాని మీద దుప్పటి కప్పి, సాయంత్రం దాక చీటీలన్నీ చేత్తోనే రాసిండ్రు. తెల్లారి ఆ దుప్పటి చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాకు కోపం ముక్కు మీదనే ఉంటది, అది అందరికీ తెలిసిందే.

ఆ కోపంల పెట్టిందే రివర్స్ ప్రాక్సీ. పేరు పెద్దది గానీ పని మామూలుదే. బయటి నుంచి ఎవరు వచ్చినా ముందు దాని దగ్గరికే వస్తరు. దేని కోసం వచ్చిండ్రో చూసి, లోపల ఏ కంటైనర్‌కు పంపాల్నో ఆ కంటైనర్‌కు పంపి, జవాబు తెచ్చి చేతిల పెడతది. మా చీటీల కిటికీ కాడ కూర్చునే అమ్మ కూడా గదే చేసేది. కొత్తనా పాతనా, కన్ను మసకనా నొప్పా అని అడిగి, పో రెండో గదికి, పో నాలుగో గదికి అనేది. వచ్చినోళ్ళకు లోపల ఎన్ని గదులున్నయో తెల్వాల్సిన పని లేదు. ఒక ఆదివారం పొద్దంతా కూర్చొని అది పెట్టేసిన. ఇగ అంకెలు లేవు. చీటీలు అని కొడితే చీటీలు, అద్దాలు అని కొడితే అద్దాలు. సోమవారం పొద్దున సిస్టరమ్మ తన చేత్తోని ప్రతి గదిల గోడ కాగితం పీకేసింది. మధ్యాహ్నం అన్నం కాడ తన డబ్బాల నుంచి నాలుగు చెగోడీలు తీసి నా పళ్ళెంల పెట్టింది. ఆమె ఎవరికీ పెట్టే మనిషి కాదు.

ఆ తర్వాతి నెలలు ఎంత బాగుండేవో. కళ్ళద్దాల ప్రోగ్రాము కొత్తది చేసినప్పుడు, పాతది నడుస్తుండగనే కొత్త కంటైనర్ పక్కన లేపి, ఇగ ఇటు పంపు అని ప్రాక్సీకి ఒక్క లైను రాస్తే చాలు, పని ఆగకుండనే మారిపోయేది. పక్క గదిల అద్దాలు అరగదీసే అన్నకు మారిన సంగతి కూడా తెలిసేది కాదు. నేను గోడకు చెవి పెట్టి, మిషను చప్పుడు ఆగలేదు కదా అని విని, ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని.

ఇంకా ఇష్టమైన పని లాగ్ చూసుడు. లోపలికి వచ్చే ప్రతి ఒక్కటీ ఆ ఒక్క తలుపు నుంచే రావాలె గదా, అందరూ నాకు వరుసగ కనపడేటోళ్ళు. పొద్దున ఆరుకు అశ్వారావుపేట పామాయిలు తోటల నుంచి ఒక ఫారం, అక్కడి మేస్త్రి కూలీలు పనిలకు దిగకముందే పేరు పంపేటోడు. తొమ్మిదికి కళ్ళద్దాల షాపు నుంచి ఆర్డరు. క్యాంపు ముందు శుక్రవారం నాడు పదకొండు అయితే గుట్ట అక్క.

గుట్ట అక్క అంటే నేను పెట్టుకున్న పేరు. భద్రాచలం అవతల అడవిల ఒక గూడెం. అక్కడ ఇండ్లల్ల సిగ్నలు రాదు. ఊరి వెనక గుట్టెక్కితే ఒక బండ ఉంటది, దాని మీద నిలబడితే రెండు గీతలు వస్తయి. దవాఖానా ఆమెకు ఒక ఫోను ఇచ్చింది, గూడెం తరఫున పేర్లు పంపనీకి. ఐదో తరగతి దాక ఆశ్రమ పాఠశాలల చదివింది. తెలుగు ముత్యాల్లెక్క రాస్తది, ఇంగ్లీషు చదవరాదు. క్యాంపుకు ముందు వారం ఇంటింటికీ తిరిగి, ఎవరి కన్ను ఎట్లున్నదో అడిగి, ఒక్కో మనిషికి ఒక్కో ఫారం ఫోన్లనే నింపి పెట్టుకునేది. ఊరి ఆ చివర నుంచి మొదలుపెట్టి తన ఇల్లు ఆఖరికి రాసేది. అది ఆమె పద్ధతి. శుక్రవారం బండ మీదికెక్కి ఒక్కొక్కటే నొక్కేది. పోయినట్టు జవాబు రాంగనే ఫోన్ల ఆ ఫారం తుడిచేసి, నోట్‌బుక్కుల ఆ పేరు ముందర టిక్కు పెట్టేది. గూడెం వాళ్ళకు ఆమె టిక్కు పెట్టిందంటే వ్యాను వచ్చినట్టే.

నా లాగ్‌ల ఆమె వస్తే వాన పడ్డట్టే ఉండేది. అప్పటిదాక ఒకటీ అరా వచ్చే లైన్లు, ఒక్కసారి పది పన్నెండు టపటపా పడేవి. గుట్టెక్కింది అక్క, అని నవ్వుకునేదాన్ని.

చెడగొట్టింది నేనే.

ఇంటర్నెట్ల తలుపు పెట్టినంక ఊరూ పేరూ లేని మిషన్లు వచ్చి తడుతుంటయి. ఎక్కడెక్కడి దేశాల నుంచో రోజుకు వేలసార్లు, తాళం తీస్తదేమో అని. ఒక వారం మా ఫారం పేజీ మీద పడ్డయి. పాత డబ్బా గదా, వేడెక్కి ఓపీ అంతా నత్త నడక. సిస్టరమ్మ గుమ్మంల నిలబడి నన్ను చూసే చూపు నాకు ఇప్పటికీ గుర్తే. కోపమొచ్చి ప్రాక్సీల ఒక రూలు రాసిన. ఒకే చోటు నుంచి నిమిషంల ఐదుకు మించి ఫారాలు వస్తే, ఆరోదాని నుంచి ఆ రోజంతా లోపలికి రానీయొద్దు. నా ఫోన్ల నుంచే ఆరుసార్లు నొక్కి చూసిన. ఆరోసారి తెల్ల పేజీ మీద ఒక ఇంగ్లీషు లైను వచ్చింది, మీరు చాలాసార్లు అడిగిండ్రు అని. భలే చేసిన అనుకున్న. మనిషన్నోడు నిమిషంల ఐదు ఫారాలు ఎందుకు పంపుతడు అనుకున్న.

గుట్ట మీది బండ సంగతి నాకు తెల్వకనా? తెలుసు. వాన లెక్క పడే ఆ లైన్లు చూసి నెల నెలా నవ్వుకున్నదాన్ని నేనే. ఆ పూట మాత్రం అది నాకు తట్టనే లేదు. ఎందుకు తట్టలేదని ఇన్నేండ్లల్ల ఎన్నిసార్లు నన్ను నేను తిట్టుకున్ననో.

తర్వాతి క్యాంపు రోజు వ్యాను పదింటికి రావాల్సింది పదకొండున్నరకు వచ్చింది. మా డ్రైవరన్న మామూలుగ వరండాలకు రాంగనే ఎవర్నో ఒకర్ని ఆటపట్టిస్తడు. ఆ రోజు తాళాలు బల్ల మీద పడేసి నీళ్ళు తాగిండు.

"గుట్ట గూడెం కాడ పందొమ్మిది మంది నిలబడ్డరు సిస్టరమ్మా. నా కాగితం మీద ఐదు పేర్లే ఉన్నయి" అన్నడు.

మంచాలు పేర్ల లెక్కనే వేస్తరు, వ్యానుల సీట్లు కూడా అంతే, దారిల ఇంకో మూడు ఊర్లున్నయి. ఫోను చేద్దామంటే అక్కడ సిగ్నలు లేదు. ఐదుగురిని ఎక్కిచ్చుకొని పద్నాలుగు మందిని వ్యాను ఆగే కల్వర్టు మీదనే వదిలేసి వచ్చిండు. వాళ్ళంతా పొద్దుగాల్నే ఉతికిన బట్టలు కట్టుకొని, మూటలు పట్టుకొని, ఏమీ తినకుండ వచ్చి కూర్చున్నరంట. ఒక పొడుగాటి తాత వ్యాను కదిలినంక కొంత దూరం వెనకనే నడిచిండంట.

"ఎక్కినోళ్ళల్ల మొదటి పేరు ఎవరిదో తెలుసా? ఫోను పట్టుకునే అక్క వాళ్ళ అత్తది. మిగతా నలుగురు వాళ్ళ వరుస ఇండ్లోళ్ళే. ఇగ ఆ పద్నాలుగు మంది ఆమె దిక్కు ఎట్ల చూసిండ్రంటే, నేను అద్దంల చూడలేక తల తిప్పుకున్న" అన్నడు.

నేను నా గదిలకు పోయి తలుపేసుకొని లాగ్ తెరిచిన. శుక్రవారం, పదకొండు దాటినంక. ఐదు లైన్లు లోపలికి పోయినయి. ఆరోది ఆగింది. ఏడోది ఆగింది. పద్నాలుగు లైన్లు వరుసగ, నేను రాసిన రూలు నంబరుతోని సహా. సిస్టరమ్మ వచ్చి, ఏమయింది అని అడిగింది.

"సిగ్నల్ ప్రాబ్లం అయి ఉంటది" అన్న.

మా దిక్కు ఏది పోయినా సిగ్నలు మీదికి తోసేస్తే ఎవరూ ఇంకో మాట అడగరు. ఆమె కూడా అడగలేదు. రూలు మాత్రం ఆ పూటనే తీసేసిన. ఎవరికీ చెప్పలేదు. నా తప్పు అంటే ఉద్యోగం పోతదని భయం కాదు, గంత తెలివిగల్ల కంప్యూటర్ మేడం గిట్ల చేసిందా అంటరేమో అని. సిగ్గుచేటు, కానీ నిజం గదే.

వారం తర్వాత అక్క దవాఖానాకు వచ్చింది. అత్తను చూపెట్టనీకి. ఆ ముసలామెకు రెండు కండ్లూ మూసుకపోయి, మనిషి చెయ్యి పట్టుకుంటే గాని గడప దాటకపోయేది. ఆ క్యాంపుల ఒక కన్నుకు ఆపరేషన్ చేసిండ్రు, అది బాగా వచ్చింది. వరండాల కూర్చొని పోయే వచ్చే వాళ్ళ చీరెల రంగులు చెప్పుకుంట ఒకటే నవ్వుతున్నది. రెండో కన్ను వచ్చే నెల క్యాంపుల చేస్తం అని సిస్టరమ్మ చీటీ మీద రాసి ఇచ్చింది. అక్క ఆ చీటీ తీసుకొని, అత్తను అక్కడనే కూర్చోపెట్టి, నా గదిలకు వచ్చింది. కుర్చీల కూర్చోమంటే కూర్చోలేదు. సంచిల నుంచి నోట్‌బుక్కు తీసి నా ముందర తెరిచింది.

"మేడం, పందొమ్మిది పేర్లు, పందొమ్మిది టిక్కులు. అన్నీ పోయినయి గదా?" అన్నది.

పోయినయని ఎట్ల తెలిసింది అక్కా అని అడిగిన.

"ప్రతిసారీ తెల్లటి దాని మీద ఇంగ్లీషుల ఒక లైను వస్తది. ఆ లైను వస్తె పోయినట్టే. పందొమ్మిదిసార్లు వచ్చింది మేడం. నేను గుట్ట మీద ఒక్కొక్కటి లెక్కపెట్టుకున్న."

ఫారం అందింది అనేది కూడా తెల్ల పేజీ మీద ఒక ఇంగ్లీషు లైనే. పో, రావద్దు అనేది కూడా తెల్ల పేజీ మీద ఒక ఇంగ్లీషు లైనే. రెండూ పెట్టింది నేనే. తెలుగుల పెడదామని ఒక్కరోజన్న నాకు తోచలేదు.

"ఊళ్ళ నాతోని ఎవరూ మాట్లాడతలేరు" అన్నది. "మా అత్త కోసం వాళ్ళ పేర్లు ఆపిన్నంట. ఫోను తీసుకపోయి పెద్దాయన ఇంట్ల పెట్టిండ్రు. నా ఫోను ఖరాబయిందా మేడం? అయితే ఆ మాట ఒక కాగితం మీద రాసియ్యి, చూపెట్టుకుంట."

ఫోను మంచిదే అని చెప్పిన. తప్పు నాదని చెప్పిన. తలుపు కాడ ఒకదాన్ని కాపలా పెట్టిన, అది ఐదు పేర్లు దాటంగనే నువ్వు మనిషివి కాదనుకొని ఆపేసింది అని, ఏడ్చుకుంటనే చెప్పిన. ఆమె ఏడవలేదు, నన్ను ఊకోమని కూడా అనలేదు. నోట్‌బుక్కు మూసి సంచిల పెట్టుకున్నది.

"ఇదే మాట మా ఊళ్ళ చెప్తవా?" అని అడిగింది.

చెప్త అన్న.

ముందు సిస్టరమ్మకు చెప్పిన. ఆమె తిడతదనుకున్న. "రేపు వ్యాను ఖాళీగనే ఉన్నది" అన్నది.

తెల్లారి డ్రైవరన్నతోని పోయిన. దారి పొడుగున ఇప్పపూల వాసన. ఏ ముఖం పెట్టుకొని పోవాల్నో తెల్వలేదు. పెద్దాయన ఇంటి ముందు పందిరి కింద అందరూ కూర్చున్నరు, అక్క పక్కకు, గోడనానుకొని ఒక్కతే. నాకు వాళ్ళ భాష రాదు. నేను తెలుగుల చెప్తుంటే డ్రైవరన్న వాళ్ళ భాషల చెప్పుకుంట పోయిండు. కంటైనర్లు, ప్రాక్సీ అన్న మాటలేవీ వాడలేదు. మీ పేర్లు మా గది తలుపు దాక వచ్చినయి, అక్క పందొమ్మిదీ పంపింది, తలుపు కాడ నేను పెట్టిన రూలు పద్నాలుగింటిని వెనక్కి కొట్టింది, అక్క ఏ పేరూ ఆపలేదు అని చెప్పిన. ప్రింటు తీసుకపోయిన లాగ్ కాగితం కూడా పరిచి చూపెట్టిన. గీతల లెక్కన్న అందరికీ తెలుస్తది గదా, ఐదు ఇక్కడ, పద్నాలుగు ఇక్కడ.

వ్యాను వెనక నడిచిన పొడుగాటి తాత ఏదో అడిగిండు. ఆ మిషన్‌కు మేము ఎంతమందిమి అనిపించినం అంటున్నడు, అని డ్రైవరన్న చెప్పిండు.

"ఒక్కరు తాతా. మీ అందర్నీ కలిపి ఒక్కరే అనుకున్నది."

ఆ మాట చెప్పంగనే ఒకరిద్దరు నవ్విండ్రు. తర్వాత చానామంది నవ్విండ్రు. పెద్దాయన లేచి ఇంట్లకు పోయి ఫోను తెచ్చి అక్క ముందర పెట్టిండు. నాకు పానం లేచొచ్చింది. అయిపోయింది, బతికినం అనుకున్న.

అక్క ఆ ఫోను ముట్టుకోలేదు. లేచి నిలబడి మొదలు తెలుగుల, నా దిక్కు చూసి అన్నది. "మేడం తప్పు మేడం చెప్పింది. నాది నేను చెప్త." తర్వాత వాళ్ళ భాషల చెప్పింది. డ్రైవరన్న నా చెవిల మెల్లగ చెప్పిండు. ప్రతిసారీ మా ఇల్లు ఆఖరికి రాస్త. ఈసారి మా అత్త రోజూ ఏడుస్తున్నదని ఆమెను మొదట రాసిన, మా వరుస ఇండ్లను తర్వాత రాసిన. ఆపింది నేను కాదు గానీ, ముందు పెట్టింది నేనే.

తాత చెయ్యి ఊపి ఏదో అన్నడు. "అత్తను ముందు రాయకపోతే ఎవర్ని రాస్తది అంటున్నడు" అని డ్రైవరన్న చెప్పిండు. వెనక నుంచి ఒకామె చిన్న గొంతుతోని ఇంకేదో అన్నది. దానికి ఎవరూ నవ్వలేదు. ఏమన్నదని అడిగిన. "వద్దులే మేడం" అన్నడు. అక్క అప్పుడు వంగి ఫోను తీసుకున్నది.

ఆ వారం ఫారం జవాబులన్నీ తెలుగుల రాసిన. అందింది అంటే పచ్చ రంగుల పెద్ద అక్షరాలు, అందలేదు అంటే ఎర్రవి. మిషన్లను ఆపనీకి వేరే ఉపాయం చేసిన, గుట్ట మీద నుంచి వచ్చేవాటి జోలికి పోకుండ.

తర్వాతి నెల క్యాంపు ముందు శుక్రవారం పదకొండు కాకముందే లాగ్ ముందర కూర్చున్న. నీళ్ళు తాగనీకి కూడా లేవలేదు. పదకొండు దాటినంక పడ్డయి. మొదటి పేరు పొడుగాటి తాతది. తర్వాత ఊరి ఆ చివరి ఇండ్లు. వెనక్కి పోయిన పద్నాలుగు పేర్లు వరుసగ లోపలికి పోయినయి, ఒక్కటీ ఆగలేదు. వాటి వెనక కొత్తవి రెండు. నేను గట్టిగ నవ్వితే పక్క గది నుంచి అద్దాల అన్న ఏందని అరిచిండు. ఇంకొకటి రావాలె. తన ఇల్లు ఆఖరికి గదా. అది వస్తదని చూసిన. పన్నెండయింది, ఒంటి గంటయింది. ముసలామె పేరు రాలేదు. గుట్ట దిగిపోయింది కావొచ్చు, ఫోను కలవలేదు.

నేనే జాబితాల ఆ పేరు ఎక్కించిన. క్యాంపు రోజు వ్యాను రాంగనే వరండాలకు ఉరికిన. తాతను చెయ్యి పట్టి దింపుతున్నది అక్క. పదహారు మంది దిగిండ్రు. మీ అత్త ఏది అని అడిగిన. పేరు నేను రాసిన, మంచం ఉన్నది, డ్రైవరన్న పిలవలేదా అని అడిగిన.

"పిలిచిండు. నేనే వద్దన్న" అన్నది.

ఎందుకు అక్కా అన్న.

"ముందు రాసినా మాట వస్తది, ఆఖరికి రాసినా మాట వస్తది మేడం. రాయకపోతే ఏ మాటా రాదు. ఒక కన్ను చాలు అంటది మా అత్త కూడా."

నేను వాదించిన. సిస్టరమ్మతోని కూడా చెప్పించిన. అక్క వింటది, తల ఊపుతది, శుక్రవారం వస్తే పంపదు. ఆ తర్వాత రెండేండ్లు నేను అక్కడ ఉన్న. ప్రతి నెలా ఆ గూడెం జాబితా కింద ఆ ముసలామె పేరు నా చేత్తోని ఎక్కించి ప్రింటు తీసేదాన్ని. ప్రతి నెలా డ్రైవరన్న కల్వర్టు కాడ ఆగి ఆ పేరు పిలిచేటోడు. ఆమె అక్కడనే ఉండేదంట. ఒక్క కంటితోని చూసుకుంట, కండ్లు కనపడని వాళ్ళను ఒక్కొక్కరినే చెయ్యి పట్టి వ్యాను ఎక్కిచ్చేదంట. అందరూ ఎక్కినంక తలుపు మూసి, పోనియ్యి అని వ్యాను రేకు మీద చేత్తోని కొట్టేదంట.